క్లీనింగ్ అయ్యాకే సీఎన్‌సీ రూటర్ ఎందుకు వంకర కోస్తుంది?

నెలకోసారి తుడిచి గ్రీజు పెట్టేటప్పుడు హాబీ రూటర్ (కంప్యూటర్ చెప్పినట్టు కట్టె చెక్కే చిన్న మిషన్) అలైన్‌మెంట్ చెడకుండా ఏం చేయాలని అడిగారు. నన్నడిగితే ముందు ఆ తుడవడమే తగ్గించండి. నవ్వకండి, నిజంగానే చెప్తున్నా. మిషన్ కోతల వల్ల కంటే మనం గుడ్డ పట్టుకున్న రోజే ఎక్కువ వంకర పోతుంది.

మాది మిర్యాలగూడ. ఇంటి వెనక రేకుల షెడ్డు, చుట్టూ రైస్ మిల్లులు, కాబట్టి నా మిషన్ మీద కట్టె పొట్టు ఎంతో ఊక దుమ్ము అంత. పోయిన ఏడాది తెలిసిన ఒకాయన కొత్త ఇంట్లో దేవుని అర్రకు టేకు తలుపులు అడిగాడు. రెండు రెక్కలు, మూస్తే నడుమ ఒక కలశం, సగం ఈ రెక్క మీద, సగం ఆ రెక్క మీద. మంచి పని కదా అని ముందు రోజు కరెంటు తీసేసి మొత్తం క్లీన్ చేశా. వై వైపు, అంటే ముందుకూ వెనక్కూ జరపడానికి, రెండు బాల్ స్క్రూలు (మరలున్న కడ్డీలు), ఒక్కోదానికి ఒక్కో మోటారు. ఎడమ స్క్రూకి గుడ్డ చుట్టి గట్టిగా పట్టుకుని తిప్పుతూ మురికి తీశా. కుడిది బాగానే ఉందని వదిలేశా, అదీ నేను చేసిన తెలివి.

నాది 1605 స్క్రూ, అంటే ఒక చుట్టుకు 5 మిల్లీమీటర్లు. పావు చుట్టు తేడా వచ్చినా గ్యాంట్రీ, అంటే ఆ రెండు స్క్రూల మీద నడిచే అడ్డ దూలం, ఒక చివర ఒకటింపావు మిల్లీమీటరు ముందుకు పోతుంది. కంటికి కనపడదు. కరెంటు ఇవ్వగానే మోటార్లు ఉన్నచోటే బిగుసుకుంటాయి, ఆ వంకర అట్లనే ఉండిపోతుంది. రెండు వైపులా విడిగా లిమిట్ స్విచ్‌లు (చివరకు వచ్చిందని చెప్పే స్విచ్‌లు) ఉండి విడివిడిగా హోమింగ్ చేసే, అంటే ఒక్కో వైపును దాని స్విచ్ దాకా తెచ్చే కంట్రోలర్ అయితే అదే సరిచేసుకుంటుంది, నాకు అంత బడ్జెట్ ఎక్కడిది.

తలుపులు బిగించాక ఆయన చూసి, "తమ్మీ, కలశం నడుమ ఇరిగినట్టున్నదేంది?" అన్నాడు. నిజమే, గీతలు మిల్లీమీటరున్నర కలవలేదు. బందులు జరిపి గీతలు కలిపితే పైన సందు ఏటవాలుగా తేలింది. గృహప్రవేశానికి నాలుగు రోజులు! నేను సాఫ్ట్‌వేర్‌లో తప్పు వెతుకుతూ రాత్రంతా కూర్చున్నా. పొద్దున మా బాపు వచ్చాడు, ముప్పై ఏళ్లు వడ్రంగి పని చేసిన మనిషి, దారం తీసి రెక్కను మూలకు మూల కొలిచి, "గిది పలక కాదు, పతంగి లెక్కున్నది" అని పోయాడు. టేపు పెట్టి చూస్తే ఆ రెండు మూల కొలతల మధ్య తేడా మిల్లీమీటరు పైనే.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. ఫ్రేమ్ ముందు చివర రెండు వైపులా అల్యూమినియం దిమ్మెలు బిగించా. క్లీనింగ్ అయ్యాక, కరెంటు ఇవ్వకముందే, రెండు స్క్రూలు చేత్తో తిప్పి గ్యాంట్రీ రెండు చివరలూ దిమ్మెలకు ఆనేలా తెస్తా, అప్పుడే స్విచ్ వేస్తా. తర్వాత పాత ప్లైవుడ్ ముక్క మీద వీ-బిట్‌తో (మొన కోసుగా ఉండే బిట్) 300కి 400 మిల్లీమీటర్ల కొలతలో నాలుగు చుక్కలు పెట్టి మూలకు మూల కొలుస్తా. రెండూ 500 రావాలి, అసలు ముఖ్యం రెండూ సమానం కావడం. ఒక వైపు మిల్లీమీటరు జరిగితే ఇక్కడ తేడా 1.2 దాకా కనిపిస్తుంది. అర మిల్లీమీటరు లోపుంటే వదిలేస్తా. మొదటిసారి మాత్రం ఒక దిమ్మె వెనక ఆ రెండు కొలతలు సమానమయ్యేదాకా పలుచటి రేకు ముక్కలు పెట్టి తీస్తూ ఒక ఆదివారం మొత్తం పోయింది.

ఇంకో సంగతి, వీడియోల్లో కంప్రెసర్ గాలి కొట్టి చూపించే వాళ్లను నమ్మకండి, పొట్టు బయటకు పోదు, బేరింగుల్లోకి పోతుంది. వాక్యూమ్‌తో పీల్చండి. గ్రీజు కూడా పూరీకి నూనె పోసినట్టు పోయొద్దు, పొట్టు కలిసి పిండిముద్ద అవుతుంది. స్పిండిల్ (బిట్‌ను తిప్పే మోటారు) బోల్టులు మాత్రం పని లేకుండా ముట్టుకోకండి. నిలువు పోతే టేబుల్ మీద గీతలు గీతలుగా కోస్తుంది, దాని సంగతి రాయాలంటే ఇంకో పేజీ కావాలి.

ఆ రెండు రెక్కలూ మళ్లీ కోసిచ్చా, కట్టె ఖర్చు నాదే. పాతవి షెడ్డులోనే ఉన్నాయి. బాపు కనపడ్డప్పుడల్లా పొయ్యిల పెట్టమంటాడు. టేకు కదా, మనసొప్పట్లేదు.