పన్ను సలుపుతోందని జపాన్‌లో చెప్పడం ఎలా

తల్లీ స్వాతీ,

వారం రోజులుగా కుడివైపు నమలడమే మానేశావట, వదిన ఫోన్లో చెప్పి బాధపడింది. సంక్రాంతికి హైదరాబాద్ వచ్చి చూపించుకుంటానన్నావట. అప్పటిదాకా ఆ పన్ను ఆగుతుందా? ఈ దేశంలో కన్వీనియన్స్ స్టోర్ల కంటే పళ్ళ క్లినిక్కులే ఎక్కువ. నీ ఇంటినుంచి నిషికసాయి స్టేషన్‌కి వెళ్ళే దారిలోనే 'షికా', అంటే పళ్ళ వైద్యం, అన్న బోర్డులు చూసి ఉంటావు.

ఫోన్ చేసి టైం తీసుకునే వెళ్ళు. నొప్పిగా ఉందంటే ఆరోజే ఎక్కడో ఒకచోట ఇరికించడానికి చూస్తారు. మై నంబర్ కార్డుకి, అదే ఇక్కడి ఆధార్ లాంటి గుర్తింపు కార్డుకి, హెల్త్ ఇన్సూరెన్స్ లింకు చేసుకున్నావా? 2024 డిసెంబర్ 2 నుంచి పాత ఇన్సూరెన్స్ కార్డులు కొత్తగా ఇవ్వడం మానేశారు. బిల్లులో 30 శాతం నువ్వు కట్టాలి. పర్సులో నోట్లు పెట్టుకో, కొన్ని చిన్న క్లినిక్కుల్లో ఇప్పటికీ నగదే.

గుమ్మంలో బూట్లు విప్పి స్లిప్పర్లు వేసుకున్నాక చేతికో ఫారం ఇస్తారు. దాని పేరు 'మోన్షిన్‌హ్యో'. అసలు కథంతా అందులోనే ఉంది. నొప్పి ఉన్న పన్ను ఒక్కటే చూడాలా, అన్నీ చూడాలా? ఇన్సూరెన్స్‌లో వచ్చేదే చాలా, బయటిదైనా పర్వాలేదా? ఇలాంటి గళ్ళు చాలాచోట్ల ఉంటాయి. కొత్తలో నేను అవి ఖాళీగా వదిలేశాను. డాక్టరుగారు ఏం అడిగినా 'హాయ్, హాయ్', అంటే అవునవును, అంటూ తలూపాను. రెండు వారాల తర్వాత అద్దంలో చూసుకుంటే వెండి పన్ను! ఇన్సూరెన్స్‌లో వచ్చే లోహపు తొడుగు అది. తప్పు ఆయనది కాదు, నా తలది. నువ్వు మాత్రం పని మొదలుపెట్టకముందే 'షిరోయి హా' అను, తెల్ల పన్ను అని. ఏ పంటికి ఇన్సూరెన్స్‌లో తెల్లది వస్తుందో, దేనికి సొంత డబ్బు పెట్టాలో ఆయనే కాగితం మీద బొమ్మ గీసి చెప్తారు.

నొప్పి చెప్పడంలో మనకి పెద్ద ఇబ్బంది లేదులే. చల్లనీళ్ళు తగిలి జివ్వుమంటే 'షిమిరు'. రాత్రిపూట సలుపుతుంటే 'జుకిజుకి'. పుచ్చిపోయిన పన్ను 'ముషిబా', అంటే పురుగు పన్ను. పంటికి పురుగు పట్టిందని మన నాయనమ్మ అన్నట్టే!

కుర్చీ వాల్చగానే కళ్ళమీద టవల్ కప్పవచ్చు, కంగారుపడకు. నొప్పి పుడితే ఎడమచెయ్యి ఎత్తమంటారు. మొహమాటపడకుండా ఎత్తు. మత్తు ఇంజెక్షన్ కావాలంటే 'మసుయి' అని అడుగు. మందులేవైనా పడకపోతే ఫారంలోనే రాసెయ్యి.

ఇంకొకటి, ఒక్క పూటలో అయిపోతుందనుకోకు. రూట్ కెనాలైతే మూడు నాలుగుసార్లు తిప్పుతారు. మొదటిసారికే నొప్పి పోతుంది, అక్కడే మనవాళ్ళు చాలామంది ఎగ్గొడతారు. లోపల ఉన్నది తాత్కాలికంగా పెట్టిన సిమెంటు, అది ఊడితే మళ్ళీ మొదటికొస్తుంది. వెళ్ళలేకపోతే ముందురోజే ఫోన్ చేసి చెప్పు.

ఫారం చేతికివ్వగానే ఫోటో తీసి నాకు పంపు. శనివారం పొద్దున్న ఖాళీగానే ఉంటాను.

మీ బాబాయి