కాటన్ దొర చీరల్లో కలిసిపోకుండా

చిట్టితల్లీ,

నువ్వు పంపిన లిస్టు నిన్న రాత్రి కూర్చుని చూశాను. నెట్‌లో తెలుగు పేజీలు చదివించి కంప్యూటర్‌కి లోకజ్ఞానం నేర్పిస్తానన్నావు, సంతోషం. కానీ అమ్మా, బట్టల జాబితాలో కాటన్ దొర ఉన్నాడు! 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించినాయన వెంకటగిరి చీరకీ మంగళగిరి చీరకీ మధ్య కూర్చున్నాడు. మీ పెద్దమ్మకి చెప్తే ఒకటే నవ్వు.

నవ్వు సరే, దాని కింద చూశావా? కాటన్ బ్యారేజీ కూడా బట్టే అంది నీ ప్రోగ్రాము, ఆ వెనకే ప్రకాశం బ్యారేజీ. ఎలకబొరియ ఒకటి పడితే ఏటిగట్టు ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు.

దీనికి టెన్షన్ పడకు, పెద్దపెద్దవాళ్లకే అయింది. 2010లో అమెరికాలో కార్నెగీ మెలన్‌లో టామ్ మిచెల్ వాళ్లు నెల్ అని రాత్రీ పగలూ వెబ్ చదివే ప్రోగ్రాము మొదలుపెట్టారు. అది కంప్యూటర్లో ఉండే కుకీల్ని బేకరీ కుకీలనుకుంది, కుకీల్ని డిలీట్ చేస్తారు, ఫైళ్లనీ డిలీట్ చేస్తారు, కాబట్టి ఫైళ్లు కూడా తినేవే అని తేల్చేసింది. మొదటి ఆరు నెలలూ దాని మానాన దాన్ని వదిలేసినవాళ్లు, తర్వాత అప్పుడప్పుడూ కూర్చుని చేత్తో దిద్దడం మొదలుపెట్టారు.

నువ్వు ముందు చెయ్యాల్సింది, ఏది ఏది కాకూడదో దానికి చెప్పడం. మనిషైతే బట్ట కాదు, ఊరైతే తిండి కాదు. ఒకే పేరు కోసం రెండు జాబితాలు కొట్టుకుంటుంటే దేంట్లోనూ వెయ్యనివ్వకు, పక్కన పెట్టించి నువ్వు చూడు. కాటన్ లాంటి పేర్లకి పక్క మాట కూడా చదవాలి, 'కట్టించాడు' ఉంటే దొర, 'ఉతికితే' ఉంటే గుడ్డ.

'రాజోలు, రావులపాలెం లాంటి ఊళ్లు' అన్న వాక్యంలోంచి ఊళ్ల పేర్లు పట్టుకోవడం బానే ఉంది, నాకు నచ్చింది. ఇంగ్లీషులో అయితే అంతటితో సరిపోయేది. మన భాషలో పేరు ఊరికే ఉండదు కదా, అమలాపురం, అమలాపురంలో, అమలాపురానికి, నీ ప్రోగ్రాము వీటిని మూడు ఊళ్లుగా లెక్కేసింది. విభక్తులు విడదీసే పని ముందు పూర్తి చెయ్యి, విసుగే, తప్పదు.

ఇంకోటి, పది సైట్లలో ఉంది కాబట్టి నిజమే అని రాశావు. ఆ పదీ తెరిచి చూశాను, అక్షరం పొల్లు పోకుండా ఒకటే వార్త, అచ్చుతప్పుతో సహా. అది ఒక్క సాక్ష్యమే. కాపీలు తీసేశాకే లెక్కపెట్టు.

శనివారం కాకినాడ నుంచి వచ్చేటప్పుడు, ఈ వారం అది కొత్తగా నమ్మినవాటిలోంచి ఏరకుండా ఒక వంద తీసి ప్రింట్ పట్టుకురా. ఫోన్లో నా కళ్లకి ఆనట్లేదు. అరుగు మీద కూర్చుని ఎర్ర పెన్నుతో దిద్దేద్దాం.

మీ పెదనాన్న