లిథియం వాడుతూ మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 46. రెండేళ్లుగా డిప్రెషన్. మొదట సెర్ట్రాలిన్, తర్వాత ఎస్సిటాలోప్రామ్ 20 మి.గ్రా. నెలల తరబడి వాడినా గుణం కనిపించలేదు. రెండు నెలల కిందట డాక్టర్ గారు దానికి తోడు లిథియం 300 మి.గ్రా. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి రాశారు. ఇప్పుడు కాస్త నిద్ర పడుతోంది, ఏడుపు తగ్గింది. కానీ అది పిచ్చివాళ్లకిచ్చే మందని మా ఆడపడుచు అంటోంది. నిజమేనా? జీవితాంతం వాడాలా? మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ తెచ్చుకుంటున్నాను. ఈమధ్య చేతులు వణుకుతున్నాయి.
- ఓ పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన రెండు వాక్యాలే నాకు కంగారు పుట్టించాయి. ముందు ఆ డైక్లోఫెనాక్ ఆపండి. లిథియం మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు దాన్ని పోనివ్వకుండా అడ్డుకుంటాయి. దాంతో రక్తంలో లిథియం పెరిగిపోతుంది. పైగా ఈ నొప్పి మాత్రలు ఎస్సిటాలోప్రామ్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు కూడా పెరుగుతుంది.

చేతులు సన్నగా వణకడం లిథియంతో మామూలే. గ్లాసు పట్టుకుంటే నీళ్లు తొణికేంత వణుకు, వాంతులు, విరేచనాలు, నడకలో తూలడం, మాట ముద్దగా రావడం వీటిలో ఏది ఉన్నా తర్వాతి లిథియం మాత్ర వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అవేవీ లేకపోయినా ఒకటి రెండు రోజుల్లో సీరం లిథియం పరీక్ష (రక్తంలో లిథియం ఎంతుందో చూసేది) చేయించుకోండి. రాత్రి తొమ్మిదికి మాత్ర వేసుకుంటే, పొద్దున తొమ్మిదికి రక్తం ఇచ్చాకే పొద్దుటి మాత్ర వేసుకోవాలి. ఇలాంటి చికిత్సలో రక్తంలో లిథియం లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీమోల్ మధ్య ఉండేలా చూస్తాం. దాంతోపాటు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, థైరాయిడ్ పరీక్షలు కూడా. లిథియం థైరాయిడ్‌ను మందగింపజేయవచ్చు, అప్పుడు డిప్రెషన్ ముదిరినట్టే కనిపిస్తుంది. ఈ పరీక్షల ఊసే మీ ఉత్తరంలో లేదు.

మెడికల్ షాపతను మంచివాడే కావచ్చు, కానీ మీరు లిథియం మీద ఉన్నారని అతనికెలా తెలుస్తుంది? ఈసారి డైక్లోఫెనాక్ వద్దంటే ట్రమడాల్ ఇస్తాడేమో, అది ఎస్సిటాలోప్రామ్‌తో పడదు. బీపీ మాత్రల్లో కూడా టెల్మిసార్టాన్, రామిప్రిల్, హైడ్రోక్లోరోథయాజైడ్ లిథియాన్ని పెంచేవే. బీపీ ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే డాక్టర్‌కు చెప్పండి. నొప్పికి పారాసెటమాల్ కొంత నయం, అదీ అడిగాకే. ఎండాకాలం నీళ్లు బాగా తాగండి. ఎవరో చెప్పారని ఉప్పు ఒక్కసారిగా మానేయకండి.

ఇక మీ ఆడపడుచు మాట. రెండు రకాల మందులు సరైన మోతాదులో, తగినన్ని వారాలు వాడినా తగ్గని డిప్రెషన్‌కు లిథియం గానీ, అరిపిప్రజోల్, క్వెటియాపిన్ లాంటివి గానీ తోడివ్వడం ఎన్నో ఏళ్లుగా ఉన్న పద్ధతే. మీకు గుణం కూడా కనిపిస్తోంది. ఆమె మాట విని మానేయకండి. దీనికి అలవాటు పడిపోరు. పూర్తిగా కోలుకున్నాక సాధారణంగా కనీసం ఆరు నెలల నుంచి ఏడాది కొనసాగించి, మెల్లగా తగ్గిస్తాం. మీ విషయంలో ఎన్నాళ్లన్నది మిమ్మల్ని చూస్తున్న సైకియాట్రిస్టే చెప్పాలి. మధ్యలో బతకాలనిపించకపోతే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి, చీటీ లేకుండా కొన్నవాటితో సహా.