మురోమా, మెర్యా భాషలు మొర్ద్వా చుట్టాలేనా?

రష్యాలో ఒకప్పుడు ఉండి అంతరించిన మురోమా, మెర్యా, మెష్చెరా భాషలు మొర్ద్వా భాషలకు దగ్గరివేనా అని అడిగారు. నేను మెడిసిన్ చదివింది రష్యాలోని మొర్దోవియా రిపబ్లిక్ రాజధాని సరాన్స్క్‌లో. నా అభిప్రాయం గట్టిదే: చుట్టాలే, కానీ తోబుట్టువులు కాదు.

అసలు 'మొర్ద్వా' అని ఒక భాష లేదు. ఎర్జ్యా, మోక్షా అని రెండున్నాయి, రెండూ ఫిన్నిష్‌కు దూరపు చుట్టాలు. అక్కడి ప్రభుత్వాఫీసుల బోర్డుల మీద రష్యన్‌తో పాటు అవీ కనిపిస్తాయి. 'అక్కడందరూ రష్యన్లేగా' అనే మనవాళ్లకు చెప్పి చెప్పి విసిగిపోయాను.

మా హాస్టల్ గేటు దగ్గర డ్యూటీ చేసే ఇద్దరు పెద్దావిడల్లో ఒకరు ఎర్జ్యా, ఒకరు మోక్షా. ఓ సాయంత్రం డ్యూటీ మారే వేళ ఇద్దరూ టీ తాగుతుంటే, అంకెలు చెప్పమన్నాను. ఎర్జ్యా ఆవిడ వేళ్లు మడుస్తూ 'వేయ్కె, కావ్తొ, కోల్మొ' అంది. రెండో ఆవిడ 'ఫ్క్యా, కాఫ్తా, కోల్మా' అంది. ఆ తర్వాతవి దాదాపు ఒకటే. ఇంత దగ్గరగా ఉన్నాయే అనుకునేలోపే ఇద్దరూ మళ్లీ రష్యన్‌లో పడ్డారు. మీ భాషల్లోనే మాట్లాడుకోవచ్చుగా అంటే, 'ఈవిడ గబగబా మాట్లాడితే నాకేం అర్థమవుతుంది?' అని మోక్షా ఆవిడ విసుక్కుంది.

12వ శతాబ్దపు రష్యన్ రాజవృత్తాంతంలో, ఓకా నది వోల్గాలో కలిసే చోట మురోమాకు తన భాష, చెరెమిస్‌కు (అంటే నేటి మారీలకు) తన భాష, మొర్ద్వాకు తన భాష ఉన్నాయని ఉంది. ఒకరిదొకరికి సరిగా అర్థంకాని ఎర్జ్యా, మోక్షాలను ఒకే మొర్ద్వా కింద కట్టేసిన మనిషి, మురోమాను మాత్రం విడిగా రాశాడు. అంటే తేడా ఆయన చెవికి కూడా తెలిసేంత ఉందన్నమాట! నాకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

రోస్తొవ్ దగ్గర నీరో సరస్సు చుట్టూ ఉండిన మెర్యా కథ వేరు. పేర్లు కలిశాయని దాన్ని మారీ భాషతో ముడిపెట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఆ భాషలో ఒక్క వాక్యం కూడా మిగల్లేదు, ఉన్నవల్లా ఊళ్ల పేర్లు, సరస్సుల పేర్లే. వాటిలో 'యాఖ్ర్' అని వినిపించే పేర్లను ఫిన్నిష్ 'యార్వి', ఎర్జ్యా 'ఎర్కె' పక్కన పెట్టి చూడండి. మూడింటికీ సరస్సనే అర్థం. నన్నడిగితే మెర్యా ఫిన్నిష్‌కూ ఎర్జ్యాకూ నడిమి భాష.

మెష్చెరా గురించి పండితులే తన్నుకుంటున్నారు. కొందరు మొర్ద్వా వైపంటారు, కొందరు పెర్మిక్ (కోమి, ఉద్ముర్త్ భాషల గుంపు) వైపంటారు. నేను మొర్ద్వా వైపే.