జర్మనీ వెళ్ళే ఎక్స్‌ఛేంజ్ విద్యార్థిని ఇంటి పనులు చేయాలా? కొలోన్ దగ్గర ఒక శనివారం

చిత్తూరు నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది: ‘‘పదహారేళ్ళ మా అమ్మాయి ఒక విద్యాసంవత్సరం పాటు ఎక్స్‌ఛేంజ్ విద్యార్థినిగా జర్మనీ వెళుతోంది. అక్కడ ఆమెను తమ ఇంట్లో ఉంచుకునే కుటుంబం ఇంటి పనుల జాబితా ముందే పంపింది. నాలుగు ఊళ్ళు చూసి నాలుగు విషయాలు నేర్చుకుంటుందని పంపుతుంటే, చెత్త మోయడం, గిన్నెలు సర్దడం ఏమిటి? ఈ పనులు చెప్పవద్దని వారికి ఉత్తరం రాయవచ్చా?’’

అమ్మా, దయచేసి ఆ ఉత్తరం రాయకండి. మాది తిరుపతి. మీ అమ్మాయి వయసులోనే నేను ఇలాంటి కార్యక్రమం ద్వారా జర్మనీ వెళ్ళి, కొలోన్ నగరానికి దగ్గరలోని ఒక చిన్న ఊళ్ళో ఒక కుటుంబంతో కలిసి ఉన్నాను. ఊరు చూడటం, ఇంటి పని చేయడం అక్కడ ఒకే రోజులో ఎలా కలిసిపోతాయో తెలిస్తే మీ బెంగ చాలావరకు తగ్గుతుందని నా నమ్మకం. అందుకే ఒక శనివారం మాకు ఎలా గడిచేదో కొంచెం వివరంగా రాస్తున్నాను.

జర్మనీలో ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసి ఉంటాయి కాబట్టి, బడి లేని శనివారమే ఇంట్లో అందరికీ పని ఎక్కువ. పొద్దున్నే బేకరీకి నడిచి వెళ్ళి, అప్పుడే కాల్చిన చిన్న గుండ్రటి రొట్టెలు తేవడం నా వంతు. వరుసలో నిలబడి, నా వంతు రాగానే ఏ రకం ఎన్ని కావాలో జర్మన్‌లో చెప్పాలి. వెనక నలుగురు ఎదురు చూస్తుంటారు కాబట్టి తడుముకోవడానికి వీలుండదు. తరగతిలో నెలల తరబడి నేర్చుకున్న వాక్యాలు నా నోటికి అలవాటైంది ఆ బేకరీలోనే.

ఫలహారం తర్వాత గిన్నెలు కడిగే యంత్రం ఖాళీ చేసి, ఆ పైన చెత్త సంగతి చూసేవాళ్ళం. దీని గురించి మీ అమ్మాయికి ముందే చెప్పి పంపడం మంచిది, ఎందుకంటే అక్కడ ఇది చిన్న విషయం కాదు. సాధారణంగా ప్యాకింగ్ ప్లాస్టిక్, డబ్బాలు, పాల అట్టపెట్టెలు పసుపు డబ్బాలోకి, కాగితాలు నీలం డబ్బాలోకి, కూరగాయల తొక్కలు గోధుమరంగు డబ్బాలోకి, దేనిలోనూ చేరనివి నలుపు లేదా బూడిదరంగు డబ్బాలోకి వెళతాయి. రంగులు ఊరిని బట్టి కొద్దిగా మారవచ్చు. జామ్ సీసాల వంటి గాజు వస్తువులను ఇంట్లో పడేయకుండా వీధి చివర ఉండే పెద్ద తొట్ల దగ్గరకు తీసుకువెళ్ళి తెలుపు, ఆకుపచ్చ, గోధుమరంగు గాజును వేరువేరుగా వేయాలి. గాజు పగిలే చప్పుడుకు ఇరుగుపొరుగు ఇబ్బంది పడతారని రాత్రిపూట, ఆదివారం అందులో వేయనివ్వరు. అందుకే ఆ పని శనివారమే పూర్తి చేయాలి.

నీళ్ళు, శీతల పానీయాల సీసాలది మరొక పద్ధతి. 2003 నుంచి అక్కడ ఒకసారి వాడి పారేసే సీసాలు, డబ్బాల మీద 25 సెంట్ల ధరావతు ముందే తీసుకుంటున్నారు. ఖాళీ సీసాను సూపర్‌మార్కెట్‌లోని యంత్రంలో పెడితే ఒక చీటీ వస్తుంది, దాన్ని కౌంటర్లో ఇస్తే డబ్బు తిరిగి ఇస్తారు. తిరుమలలో గాజు నీళ్ళ సీసా తిరిగి ఇచ్చి డబ్బు తీసుకున్న అలవాటు ఉన్న పిల్లలకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఆ చీటీ మీద వచ్చిన డబ్బు సీసాలు మోసినవారిదేనని మా ఇంట్లో నియమం ఉండేది. కొలోన్ కేథడ్రల్ అనే పెద్ద చర్చి శిఖరం ఎక్కడానికి టికెట్టు నేను ఆ డబ్బుతోనే కొన్నాను.

మధ్యాహ్నం ఆ ఇంటి అమ్మాయితో కలిసి రైల్లో కొలోన్ వెళ్ళేదాన్ని. స్టేషన్ బయటకు అడుగు పెట్టగానే ఎదురుగా కేథడ్రల్ నిలబడి ఉంటుంది. దారి అడగవలసిన పనే లేదు. 1248లో పునాది వేసిన ఆ కట్టడం పదహారో శతాబ్దంలో సగంలో ఆగిపోయి, మళ్ళీ 1842లో మొదలై, 1880లో పూర్తయింది. 157 మీటర్ల ఎత్తున్న ఆ జంట శిఖరాలు అప్పట్లో కొన్నేళ్ళ పాటు ప్రపంచంలోని కట్టడాలన్నిటికంటే ఎత్తైనవి. రెండో ప్రపంచ యుద్ధంలో చుట్టూ ఉన్న నగరం చాలావరకు నేలమట్టమైనా, బాంబు దెబ్బలు తిని కూడా అది కూలలేదు. గుడిగోపురాల నీడలో పెరిగిన నాకు, ఒక ఊరివారు తమ తాతముత్తాతలు మొదలుపెట్టిన దానిని ఆరు వందల ఏళ్ళ తర్వాత పట్టుదలగా పూర్తి చేశారన్న సంగతి దాని ఎత్తు కంటే ఎక్కువగా మనసుకు పట్టింది.

దక్షిణ శిఖరం ఎక్కడానికి 533 మెట్లు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కిన కాళ్ళకు ఇదెంత అనిపిస్తుంది గానీ, అది రాతి గోడల మధ్య ఇరుకుగా మెలికలు తిరుగుతూ పోయే మెట్లదారి. ఎక్కేవారూ దిగేవారూ అదే దారిలో ఒకరినొకరు తప్పుకుంటూ నడవాలి, కొండదారిలో లాగా పక్కకు జరిగి కూర్చునే మంటపాలు ఉండవు. మధ్యలో 1923లో పోతపోసిన 24 టన్నుల గంట కనిపిస్తుంది. పైనుంచి రైన్ నది, దాని మీద రైళ్ళు పోయే హోహెన్‌జోలర్న్ వంతెన కనిపిస్తాయి. ప్రేమికులు తగిలించిన తాళాలతో ఆ వంతెన కంచె మొత్తం నిండిపోయి ఉంటుంది. మ్యూజియంలు కూడా చాలా ఉన్నాయి, వాటిని బడివారే చూపిస్తారు.

సాయంత్రం ఇంటికి చేరగానే బల్ల మీద పళ్ళేలు పెట్టడం పిల్లల పని. రాత్రి భోజనం చాలా ఇళ్ళలో వేడిగా ఉండదు. రొట్టె, చీజ్, పచ్చి కూరగాయ ముక్కలు. అన్నం లేని రాత్రులు మొదట్లో కష్టంగానే ఉంటాయి. అయితే ఆ బల్ల దగ్గరే ‘ఈరోజు ఏం చూశారు?’ అని అందరినీ అడుగుతారు, నేను చూసినది నా మాటల్లో చెప్పాలి, తప్పులు వస్తే ఆ ఇంటి తల్లి నెమ్మదిగా సరిదిద్దేది. ఆ సమయానికి మీరు ఫోన్ చేయకండి. వేసవిలో మనకూ వారికీ మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు తేడా. అక్కడ ఏడైతే ఇక్కడ పదిన్నరో, పదకొండున్నరో అవుతుంది.

ఒకరోజు వంట తన చేతిమీదుగా చేయమని కూడా అడుగుతారు. చింతపండు, ఇంగువ, ఎండుమిరపకాయలు ఇచ్చి పంపితే పులిహోర చేయవచ్చు. నెయ్యి, పాలకోవా వంటి పాల పదార్థాలు, పచ్చి కరివేపాకు మాత్రం సామానులో పెట్టకండి. యూరప్‌లో వాటిని విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు.

మా అవ్వ కూడా మీలాగే బాధపడింది. ఇంటికి వచ్చిన బిడ్డ చేత బోకులు తోమిస్తారా అని ఆమె అడిగింది. మన ఇళ్ళలో అతిథి తిన్న కంచం కూడా తీయనివ్వము కాబట్టి ఆ బాధ సహజమే. కానీ మీ అమ్మాయి అక్కడికి అతిథిగా వెళ్ళడం లేదు. తిరుమలకు దర్శనానికి వచ్చేవారు ఉన్నట్టే, శ్రీవారి సేవకు వచ్చి అన్నప్రసాదం వడ్డించి, వరుసల్లో భక్తులకు దారి చూపేవారూ ఉన్నారు. కొండ మీద రోజు ఎలా నడుస్తుందో ఆ రెండోవారికే తెలుస్తుంది. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. 1947లో విద్యార్థుల మార్పిడి మొదలుపెట్టిన ఏఎఫ్ఎస్ వంటి సంస్థల్లో, రోటరీ కార్యక్రమంలో, పిల్లలను ఉంచుకునే కుటుంబాలు సాధారణంగా అందుకు డబ్బు తీసుకోవు. మీ అమ్మాయికి ఆ ఇంట్లో సొంత పిల్లలతో సమానమైన చోటు ఇస్తున్నారు. ఆ పిల్లలు చేసే పనిలో వాటా కూడా అందుకే ఇస్తున్నారు.

అలాగని ఏ పని చెప్పినా చేయాలని నేను అనడం లేదు. తన గది, తన బట్టలు, గిన్నెలు, చెత్త, అప్పుడప్పుడు దుకాణానికి వెళ్ళి రావడం సబబైనవే. పసిపిల్లలను రోజూ గంటల తరబడి చూసుకోమన్నా, వారి వ్యాపారంలో పని చేయమన్నా, పని వల్ల చదువుకు, నిద్రకు ఆటంకం కలిగినా ఊరుకోకూడదు. ఆ ఇంటి పిల్లలు చేయని పని తనొక్కతే చేయవలసి వస్తే, ముందు ఆ తల్లిదండ్రులతోనే నేరుగా, మర్యాదగా మాట్లాడమనండి. ఫలితం లేకపోతే ప్రతి విద్యార్థికీ సంస్థ నియమించే స్థానిక ప్రతినిధి ఉంటారు, వారికి చెప్పమనండి. బయలుదేరే ముందే ఆ ప్రతినిధి నంబరు మీరూ రాసి పెట్టుకోండి, మీ అమ్మాయి చేత ఒక కాగితం మీద కూడా రాయించి పాస్‌పోర్టుతో పాటు ఉంచండి.