లేటెక్సుల మీద ప్రాజెక్టు చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి కెమికల్ ఇంజనీరింగులో ఎం.టెక్. చదువుతోంది. రియాక్టివ్ సర్ఫాక్టెంట్లతో లేటెక్సుల తయారీపై ప్రాజెక్టు చేస్తానని పట్టుబడుతోంది. అది మానిపించి ఆరు నెలల డేటా సైన్స్ కోర్సులో చేర్పించడం మంచిదా? – ఒక తండ్రి, విశాఖపట్నం

జవాబు: ఎవరూ పేరు వినని చదువులో అమ్మాయి చిక్కుకుపోతుందేమోనన్నదే మీ అసలు దిగులు. అయితే ఆ చదువు మీ ఇంటి గోడ మీదే ఉంది. ఎమల్షన్ పెయింటులోని రంగును గోడకు పట్టి ఉంచేది లేటెక్సే, అంటే నీటిలో చెదిరి ఉన్న సన్నని పాలిమర్ రేణువులే. స్టైరీన్, బ్యూటైల్ ఆక్రిలేట్ వంటి మోనోమర్లను (చిన్న అణువులను) సర్ఫాక్టెంటు (రేణువులు గడ్డకట్టకుండా చూసే సబ్బులాంటి పదార్థం) కలిపిన నీటిలో, దాదాపు 80 డిగ్రీల వేడిలో, ప్రతిచర్యను మొదలుపెట్టే పర్సల్ఫేటుతో పాలిమర్‌గా (పొడవాటి గొలుసుగా) మారిస్తే పాలవంటి ఆ ద్రవం తయారవుతుంది. మామూలు సర్ఫాక్టెంటు రేణువులకు పైపైనే అంటుకుని ఉండి, పూత ఆరాక విడివడి ఉపరితలానికి చేరుతుంది; తడి తగిలితే పూత తెల్లబారడానికి, పట్టు సడలడానికి అదొక కారణం. రియాక్టివ్ రకంలో మోనోమర్లలాగే ప్రతిచర్యలో పాల్గొనే ద్విబంధం ఉంటుంది కనుక అది పాలిమర్ గొలుసుతోనే ముడిపడి, అక్కడి నుంచి కదలదు.

చెప్పినంత తేలిక కాదిది. ఆ సర్ఫాక్టెంటు తొందరపడి ముందే ప్రతిచర్య జరిపితే రేణువు లోపల పూడిపోతుంది, లేదా నీటిలోనే విడిగా పాలిమరై రేణువులను గడ్డకట్టిస్తుంది. మరీ మందకొడిగా ఉంటే చివరికి బంధం పడకుండానే కొంత మిగిలిపోతుంది. ఎప్పుడు, ఎంత చొప్పున పోయాలో తేల్చుకుంటూ, వడపోతలో మిగిలిన గడ్డలను తూచి, కాల్షియం క్లోరైడు ద్రావణం కలిపినా లేటెక్సు విరగకుండా నిలుస్తుందో లేదో చూసే పనిలో అమ్మాయి చేయి తిరుగుతుంది.

డేటా సైన్సును తక్కువ చేయను. గణితం మీద ప్రేమతో వెళ్లేవారికి అది మంచి దారే. ఆరు నెలల సర్టిఫికెట్టు మీదే నాకు నమ్మకం లేదు. ఒకే రకం ప్రాజెక్టులు పట్టుకుని వందలమంది వరుసలో నిలబడినప్పుడు, స్టాటిస్టిక్స్ పునాది లేని వారిని మొదటి ఇంటర్వ్యూలోనే పంపించేస్తారు. మీ ఉత్తరంలో లేటెక్సుల విషయం అమ్మాయికి ఎందుకు నచ్చిందో ఒక్క ముక్క రాయలేదు మీరు. అడగకుండానే మానిపించాలనుకోవడం తండ్రిగా మీకు తగదు.

మొదటి జీతం సాఫ్ట్‌వేరు కన్నా తక్కువే ఉండవచ్చు. అయితే ఏషియన్ పెయింట్స్ కర్మాగారాలు పటాన్‌చెరులోనూ, మీ విశాఖ దగ్గరా ఉన్నాయి. జిగురులు, కాగితం పూతలు తయారుచేసే సంస్థలకూ ఈ విద్య కావాలి. రియాక్టివ్ సర్ఫాక్టెంట్ల ధర ఎక్కువ కాబట్టి పరిశ్రమ వాటిని అవసరమైన చోటే వాడుతుంది. అందువల్ల మామూలు ఎమల్షన్లనూ ఆమె క్షుణ్ణంగా నేర్చుకోవాలి. మోనోమర్‌ను కొలత ప్రకారం పోసే పంపు, రేణువుల పరిమాణం కొలిచే పరికరం ప్రయోగశాలలో ఉన్నాయో లేదో ఈ వారమే గైడుగారిని అడిగి రమ్మనండి. లేకపోతే పరిశ్రమతో కలిసి ప్రాజెక్టు చేసే వీలు అడగమనండి.