వెపార్‌ను పిలవబోయే మేనకోడలికి

అమ్మలూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వెపార్ అనే నీటి ఆత్మతో సాధన మొదలుపెడతానన్నావు. వద్దని అనను. పాతికేళ్లుగా నేనూ ఇదే దారిలో ఉన్నాను కదా. కానీ ముందు ఒక సంగతి తేల్చుకో. ఆమెకు ఆజ్ఞ ఇవ్వబోతున్నావా, దణ్ణం పెట్టబోతున్నావా?

గోయెషియా అనే పాత మంత్రగ్రంథంలోని 72 ఆత్మల్లో వెపార్ 42వది. హోదా డ్యూక్, కింద 29 సేనలు. పుస్తకాల్లో మగవాడిలా రాసినా కనిపించేది మత్స్యకన్య రూపంలో, అందుకే నేను ‘ఆమె’ అంటాను. ఆ పాత పద్ధతిలో సాధకుడు తొమ్మిది అడుగుల వలయంలో నిలబడతాడు. ఆత్మ రెండడుగుల అవతల త్రికోణంలోకి రావాలి. రాకపోతే దేవుడి పేర్లతో గద్దిస్తాడు. డెమనోలేట్రీలో, అంటే ఈ ఆత్మలను పూజించే దారిలో, ఆ గద్దింపు ఉండదు. ఆమెను దైవంగానే చూస్తారు, నైవేద్యం పెడతారు, అడిగేది వినయంగా అడుగుతారు.

ఈ రెండూ కలపకు. కొత్తలో నేను కలిపాను. పాలూ పూలూ పెట్టి, వెంటనే బెదిరింపు మంత్రాలు చదివాను. చుట్టాన్ని భోజనానికి పిలిచి గదికి గొళ్లెం పెట్టినట్టు. నెలల తరబడి నిద్ర సరిగా లేదు, స్నానాల గదిలోకి వెళ్లాలంటే టెన్షన్. నీ స్వభావానికి దణ్ణం పెట్టే దారే సరిపోతుందని నాకనిపిస్తుంది.

డ్యూక్‌ల ముద్ర, అంటే ఆ ఆత్మ గుర్తు, రాగి మీద గీయాలి. పిలవాల్సింది సూర్యోదయం నుంచి మధ్యాహ్నం లోపు, ఆకాశం తేటగా ఉన్న రోజున. తుఫాను లేపే వెపార్‌కు కూడా ఇదే నియమం. ఇందులో ఎంత అర్థం ఉందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నీ మనసు కల్లోలంగా ఉన్న రోజు పీట వేయకు. 1888లో లండన్‌లో పుట్టిన గోల్డెన్ డాన్ అనే మంత్రసాధకుల సంఘం వాళ్లు నీటికి పడమర దిక్కును, గిన్నెను ఇచ్చారు. నువ్వూ పడమరకు తిరిగి కూర్చో, ముందు ఒక గిన్నెడు నీళ్లు పెట్టుకో. అంతే చాలు. సముద్రానికో చెరువుకో ఒంటరిగా వెళ్లొద్దు. తొట్టిలో కూర్చుని ధ్యానం అసలే వద్దు.

ఇక అసలు మాట. 1577లో యోహాన్ వేయర్ అనే వైద్యుడు అచ్చువేసిన ఆత్మల జాబితాలో వెపార్ గురించి ఒక ముక్క ఉంది. సముద్రం నిండా ఓడలు ఉన్నట్టు కనిపించేలా చేయగలదట. ఉన్నట్టు కనిపించడం, అంతే. మన ఊళ్లలో అంజనం వేయించుకున్నవాళ్లు చూసింది చూసినట్టు నమ్మి ఇరుగుపొరుగుతో గొడవలు పెట్టుకోవడం నువ్వూ విన్నావు.

ఒకసారి సాధనలో గిన్నె నీళ్లలోకి చూస్తుంటే మీ నాన్న మునిగిపోతున్నట్టు కనిపించింది. ఫోన్ ఎత్తలేదు. రాత్రి బస్సులో ఏడుస్తూ వచ్చాను. తెల్లారేసరికి అన్నయ్య పెరట్లో మల్లెపాదుకు నీళ్లు పోస్తున్నాడు. నన్ను చూసి బెదిరిపోయాడు పాపం. ఆ రోజు నుంచి కనిపించిన ప్రతిదీ తేదీ వేసి రాసుకుంటాను, నెల తిరిగాక చదువుతాను. అప్పటిదాకా దాన్ని పట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోను, ఎవరికీ చెప్పను. నువ్వూ అలాగే చెయ్యి.

పుళ్లు కుళ్లబెట్టి మూడు రోజుల్లో మనిషిని చంపగలదని కూడా రాశారు. ఎవరి మీద ఎంత కోపం ఉన్నా ఆ వైపు అడగకు. అడిగితే నాతో చెప్పొద్దు, నేను నీకు సాయం చేయను. పూజలో లేనప్పుడు కూడా గొంతులు వినిపిస్తున్నా, రెండు మూడు రాత్రులు నిద్ర పట్టకపోయినా గిన్నె బోర్లించేసి అమ్మతో చెప్పు, డాక్టర్ దగ్గరికి వెళ్లు. వెపార్ ఎక్కడికీ పోదు.

నా దగ్గర రాగి రేకు ఒకటి మిగిలింది, పంపిస్తాను. ముద్ర మాత్రం నీ చేత్తోనే గీసుకో.

మీ అత్త